అబిడ్స్‌లో ‘ఔ’ అనడం నేర్చుకున్నాను

హైదరాబాదు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ మా పంచాయతీ సమితి ఆఫీసులో అందరూ అడిగేది ఒక్కటే. చార్మినారు చూశావా, ముత్యాలు కొన్నావా అని. చార్మినారు చూడలేదు. ముత్యాలు చూశాను గాని, ధర విని అద్దాల అవతల నుంచే సెలవు తీసుకున్నాను. మరి వారం రోజులు ఏం చేశావమ్మా అంటే, ఇరానీ హోటల్లో పరదా వెనక కూర్చుని టీ తాగానని చెప్పాను. మా హెడ్ గుమాస్తా గారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని నన్ను చూశారు. అందుకే వెళ్లని వాళ్లకు వివరంగా చెబుదామని కూర్చున్నాను.

నేను ముఖ్యసేవికను. గ్రామసేవికల పని చూస్తూ, ఊళ్లు తిరుగుతూ, ఆడవాళ్లకు కాన్పుల గురించీ పిల్లల పెంపకం గురించీ చెప్పడం నా ఉద్యోగం. ఒక విధంగా సలహాలు చెప్పినందుకే ప్రభుత్వం నాకు జీతం ఇస్తోంది. ఇవ్వకపోయినా ఊరుకునేదాన్ని కాదని మా ఆయన అంటారు.

కిందటి వానాకాలం కాలవ అవతలి ఊళ్లో ఒక పిల్ల కాన్పులో పోయింది. ఊరి పేరూ, పిల్ల పేరూ రాయను. ఎందుకు రాయనో ముందుకు వెళితే తెలుస్తుంది. నెల తప్పినప్పటి నుంచీ నేను చూస్తూ వచ్చిన పిల్ల. నొప్పులు మొదలయ్యాక ఎడ్లబండిలో పక్కన కూర్చుని ఆసుపత్రికి తీసుకెళ్లింది కూడా నేనే. బిడ్డ దక్కింది, తల్లి దక్కలేదు. ఎవరి చేతుల్లోనూ లేదని డాక్టరమ్మ గారు చెప్పారు. చెప్పినా ఏం లాభం, ఆ తర్వాత నేను ఆ ఊరు వెళ్లలేకపోయాను. జీపు కాలవ వంతెన దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒక ఫైలు గుర్తొచ్చి వెనక్కి తిప్పించేదాన్ని. నా బదులు గ్రామసేవిక సుబ్బాయమ్మ వెళ్లొచ్చేది. ఎదురు చెప్పే మనిషి కాదు.

ఇంతలో బి.డి.ఓ. గారు పిలిచి, హైదరాబాదులో రిఫ్రెషర్ కోర్సుకు నన్ను వేశామన్నారు. తిరిగి రాగానే కాలవ అవతలి ఊళ్లో మహిళామండలి మొదలుపెట్టాలట, ఈసారి నేనే వెళ్లాలట. సరేనండీ అన్నాను. హైదరాబాదు చూసి వచ్చి ఉద్యోగం మానేద్దామని మాత్రం లోపల అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

నాంపల్లి స్టేషను బయట

రైలు దిగేసరికి ఎండ ఎక్కింది. బయట రిక్షాలు బారులు తీరి ఉన్నాయి. చేతిలో మరచెంబు, భుజాన సంచి, పక్కన ట్రంకుపెట్టె. నన్ను చూడగానే కొత్తదాన్నని తెలిసిపోయి ఉంటుంది. గళ్లలుంగీ కట్టుకున్న ఒక రిక్షా అతను ముందుకు వచ్చాడు.

“అబిడ్స్ వస్తావా?”

“ఔ.”

“ఆడవాళ్ల హాస్టలు తెలుసా?”

“ఔ.”

“దగ్గరేనా?”

“ఔ.”

ఎంత తీసుకుంటావని అడిగితే దానికీ ఔ అంటాడేమోనని భయపడ్డాను. అర్ధరూపాయి అన్నాడు. మా వైపు ‘ఆఁ’ అంటాం, ‘అవునండీ’ అంటాం, ఆ తర్వాత దానికి నాలుగు మాటలు తగిలిస్తాం. ఇలా పొట్టిగా ‘ఔ’ అని నోరు మూసుకోవడం నాకు తలుపేసినట్టు అనిపించింది. పట్నంవాళ్లకు ఎంత పొగరు అనుకుంటూ రిక్షా ఎక్కాను.

కాసేపటికి ఒక పెద్ద గేటు ముందు ఆపాడు. “దిగమ్మా, వచ్చినం.”

చూద్దును గదా, గేటు నిండా నిండు చూలాళ్లు. ఒకామె అత్తగారి భుజం మీద చేయి వేసుకుని గోలీసోడా తాగుతోంది. ఇంకొకామె నడుం పట్టుకుని మెట్లు ఎక్కుతోంది.

“ఇదేమిటయ్యా?”

“ఆడోళ్ల హాస్పిటలే గదమ్మా నువ్వు చెప్పింది?”

“హాస్పిటలు కాదు, హాస్టలు!”

“ఔ?” అన్నాడు. ఈసారి కనుబొమలతో పాటు మాట కూడా పైకి లేచింది. ఒకే అక్షరంలో ‘అలాగా, నిజమా, అయ్యో నా మతిమండ’ అన్నీ పట్టించాడు.

మామూలుగా అయితే ఈ పాటికి అతనికి వినడం ఎలాగో ఒక పాఠం చెప్పి ఉండేదాన్ని. ఆ మెట్లు ఎక్కుతున్న ఆమెను చూశాక తల వంచుకుని మరచెంబు మూత బిగించాను, విప్పాను, మళ్లీ బిగించాను.

“ఏందమ్మా, మొఖం గట్లయింది? జర నీళ్లు తాగుతవా?”

“ఏమీ లేదు. పద.”

“ఔ,” అన్నాడు మెల్లగా. ఇంకేమీ అడగకుండా రిక్షా తిప్పాడు. హాస్టలు దగ్గర దిగాక చుట్టు తిరుగుడుకు ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు.

అబిడ్స్‌లో మేడగది

హాస్టలు మేడ మీద నాకిచ్చిన గది చిన్నదే గాని, కిటికీ తెరిస్తే అబిడ్స్ అంతా నాదే. చీరల కొట్లు, బూట్ల కొట్లు, గడియారాల కొట్లు, అన్నిటికీ నిలువెత్తు అద్దాలు. మా ఊళ్లో కొట్టువాడు సరుకును లోపల దాచి మనల్ని బయట కూర్చోబెడతాడు. ఇక్కడ సరుకును ముందు నిలబెట్టి తను లోపల కూర్చుంటాడు. రోడ్డు మీద ఒక మనిషి ఒకే వాక్యంలో ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మాట్లాడుతుంటే అవతలివాడికి మూడూ అర్థమవుతున్నాయి. రెండంతస్తుల బస్సు వస్తుంటే చిన్నపిల్లలాగా కిటికీలోంచి వంగి చూశాను. సిగ్గేమీ పడలేదు.

భోజనంలో ఖట్టీదాల్ అని ఒకటి వడ్డించారు. చింతపండు పోసిన పప్పు. మా పప్పుపులుసుకు దూరపు చుట్టం, కాస్త మెత్తని మనిషి. జొన్నరొట్టె పెద్దదే పెట్టారు. సగం తిని, గోంగూర పచ్చడి ఉందా అని వంటామెను అడిగాను. “గది మీ దిక్కు సంగతి,” అని నవ్వి, రెండో రొట్టె వేసింది.

విశ్రాంతి మీద ఉపన్యాసం

కోర్సు నాంపల్లిలో ఒక సర్కారు భవనంలో. మొదటిరోజు పొద్దున ఉపన్యాసం పేరు ‘కార్యకర్త తన ఆరోగ్యం కాపాడుకొనుట’. నాకు సరిపోయేదే అనుకుని ముందు వరుసలో కూర్చున్నాను. ఉపన్యాసకులు పెద్దమనిషి. విశ్రాంతి ఎందుకు అవసరమో విశ్రాంతి లేకుండా చెప్పారు. వేళకు భోజనం చెయ్యాలని నొక్కి చెప్పేసరికి మా భోజనాల వేళ దాటిపోయి చాలాసేపయింది. వెనక వరుసలో ఎవరో కునికిపాటు పడి బెంచీకి తల కొట్టుకున్నారు. చూద్దామని తిరిగితే, ఆ పక్కనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్న మనిషి ఎస్తేరు.

ఎస్తేరుదీ నాదీ ఒకే ట్రైనింగు. మెదక్ మిషన్ స్కూల్లో చదువుకున్న పిల్ల. ట్రైనింగులో నా మంచం పక్క మంచం. ఇప్పుడు నాంపల్లిలో, ఇల్లు విడిచి వచ్చిన ఆడవాళ్లు ఉండే ఒక ఆశ్రమంలో పనిచేస్తోంది. జుట్టు నెరిసింది, నవ్వు మాత్రం ఆ మంచం మీదిదే.

“రత్నం! ఎంత సన్నగైనవే!” అంది బయటికి రాగానే. “తింటలేవా, నిద్ర పోతలేవా?”

“రెండూ బాగానే ఉన్నాయి,” అన్నాను.

“ఔ,” అంది నా మొహంలోకి చూస్తూ. ఆ ‘ఔ’లో నమ్మకం రవ్వంత కూడా లేదు. “సాయంత్రం నాతోని రా. సోమవారం, బేస్తవారం మేం ఒక్కతాన కూసుంటం.” బేస్తవారం అంటే మా లక్ష్మివారమే, గురువారం.

పరదా వెనక

అబిడ్స్‌లో ఆ ఇరానీ హోటలు మూలమీద ఉంది. పాలరాతి బల్లలు, నల్ల కుర్చీలు, గోడ నిండా అద్దాలు. ముందు భాగమంతా మగవాళ్లు. మా వైపు ఆడవాళ్లు హోటలుకు వెళ్లడమంటే ఊరంతా చెప్పుకునే వార్త. ఇక్కడ వెనక భాగంలో కుటుంబాల కోసం చెక్క గదులు, వాటికి ఆకుపచ్చ పరదాలు. బల్ల దగ్గరికి వచ్చే ముందు సర్వరు గట్టిగా దగ్గుతాడు. ఆ దగ్గు విని లోపలివాళ్లు సర్దుకోవాలి. ఆ మర్యాద నాకు భలే నచ్చింది.

లోపల శకుంతలక్క కూర్చుని ఉంది. పాతకాలపు హైదరాబాదు కుటుంబం ఆమెది. తండ్రి నిజాం కాలంలో గుమాస్తా. ఆమె పెద్ద దవాఖానలో రోగుల మంచిచెడ్డలు చూసే ఉద్యోగం చేస్తోంది. బీదవాళ్లకు మందులు ఇప్పించడం, దిక్కులేనివాళ్ల బంధువులను వెతకడం ఆమె పని. నన్ను చూసి ఇంత జరిగి చోటిచ్చింది.

సర్వరు దగ్గాడు. “దో మే తీన్,” అంది శకుంతలక్క. రెండు టీలు, మూడు కప్పులు. రెండింటిని మూడింటిలోకి సమంగా పోసుకోవడం ఇక్కడి ఆచారం. పిసినారితనం అనుకున్నాను గాని, అంత చిక్కటి టీ నిండు కప్పు తాగితే నిద్ర పట్టదని ఆ రాత్రే తెలిసింది.

“ఎన్కట మేం ముగ్గురం ఒక్క ఆఫీసుల పనిచేసేటోళ్లం,” అంది ఎస్తేరు. “మూడో ఆమె మంచి పనిమంతురాలు. ఒకనాడు నౌకరీ ఇడిచిపెట్టి పోయింది. రోజూ ఇంటికి పోయి తలుపేసుకొని ఏడ్సేదట. పక్కపక్క బల్లల మీద పనిచేసినం, మాకు ఎరుకే లేదు. గప్పటి సంది గిట్ల కూసుంటున్నం.”

నియమాలు చెప్పారు. కప్పులో టీ ఉన్నంతసేపు ఒకరు మాట్లాడతారు. ఎవరి గురించి చెబుతున్నారో వాళ్ల పేరూ ఊరూ బయటికి రాకూడదు. వినేవాళ్లు ‘ఔ’ తప్ప ఇంకేమీ అనకూడదు. సలహా అసలే కూడదు.

“ఇంతేనా?” అన్నాను.

“ఇంతే. నువ్వు చేసి చూడు,” అంది ఎస్తేరు.

శకుంతలక్క మొదలుపెట్టింది. ఒక ముసలాయన్ను కొడుకులు దవాఖానలో చేర్చి మళ్లీ రాలేదట. ఆయన రోజూ గేటు వైపు మొహం పెట్టి పడుకుంటున్నాడట. “పొద్దుగాల నేను పోంగనే, ‘వచ్చిన్రా బిడ్డా?’ అని అడుగుతడు. ఇయ్యాల నేను వేరే దిక్కు నుంచి తిరిగి పోయిన…”

“కొడుకుల అడ్రసు కనుక్కుని పోలీసుల చేత కబురు పెట్టకపోయారా? మా సమితిలో అయితే…”

నా మాట నోట్లోనే ఉండగా ఎస్తేరు ఒక బన్ను తీసి నా చేతిలో పెట్టింది. “నోట్ల పెట్టుకో.”

“ఆఁ?”

“సలహా చెప్పినోళ్లు బన్ను తినాలె. తింటే నోరు ఖాళీ ఉండది.”

ఆ సాయంత్రం నేను రెండు బన్నులు తిన్నాను. శకుంతలక్క కథ పూర్తయ్యేసరికి నా నోరు ఎండిపోయింది, కడుపు నిండిపోయింది. ఆమె మాత్రం కప్పు కింద పెట్టి, నడుం నిటారు చేసుకుని, “రేపు గా గేటు దిక్కుంచే పోత,” అంది. ఎవరూ చెప్పమనలేదు, ఎవరూ శభాష్ అనలేదు. ఎస్తేరు ‘ఔ’ అంది. నేనూ అన్నాను, బన్ను మధ్యలోంచి.

గదికి వెళ్లి అద్దం ముందు అభ్యాసం చేశాను. నాది ఎలా అన్నా తగాదాకు దిగినట్టే వచ్చింది.

కోఠి దాకా వెళ్లి కొన్న ఫ్రాకు

బుధవారం మధ్యాహ్నం కోర్సు త్వరగా వదిలారు. నడుచుకుంటూ కోఠి వెళ్లాను. పాత పుస్తకాలు ఫుట్‌పాత్ మీద మోకాలెత్తున పోసి ఉన్నాయి. వంటల పుస్తకం ఒకటి బేరం చేశాను. ఇంటికొచ్చి చూస్తే మధ్య పేజీలు లేవు, అన్నీ సగం ఉడికి ఆగిపోయాయి.

ఒక బట్టల కొట్టు ముందు పసుపుపచ్చ ఫ్రాకు వేలాడుతోంది. చిన్నది, మెడ దగ్గర తెల్లటి కుట్టు. లోపలికి ఎందుకు వెళ్లానో నాకు తెలియదు. మా ఇంట్లో ఆడపిల్లలే లేరు.

“పాపకు ఎన్ని నెలలమ్మా?” అన్నాడు కొట్టాయన.

అడగడమే ఆలస్యం, జవాబు నా నోటి నుంచి వచ్చేసింది. నెలలే కాదు, రోజులతో సహా. ఆయన మెచ్చుకోలుగా తలూపి, “జర పెద్దది తీసుకోన్రి, పెరుగుతది గదా,” అన్నాడు.

నేను ఆ బిడ్డను పుట్టిన రోజు తప్ప మళ్లీ చూడలేదు. చూడకపోయినా ఇన్నాళ్లూ లోపల వయసు లెక్కపెడుతూనే ఉన్నానని ఆ కొట్లో తెలిసింది. పొట్లం కట్టించుకుని బయటికి వచ్చి, బస్సుస్టాపులో ఎన్ని బస్సులు వచ్చినా ఎక్కకుండా కూర్చున్నాను.

దో మే తీన్

గురువారం సాయంత్రం పరదా వెనక నా కప్పు నా ముందు పెట్టారు. “ఇయ్యాల నీది,” అంది ఎస్తేరు.

మొదట రిపోర్టు చదివినట్టు చెప్పాను. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, బండి ఎవరిది, వాన ఎలా పడింది, దారి ఎక్కడ తెగింది. వాళ్లు ‘ఔ’ అంటున్నారు. ఎక్కడో ఒకచోట ఆపి ‘నీ తప్పేముంది’ అంటారని ఎదురుచూశాను. ఇన్నాళ్లూ మా ఆయన, డాక్టరమ్మ గారు, మా బి.డి.ఓ. గారు అందరూ అన్నదే. మంచి మనసుతోనే అన్నారు. ఆ మాట వినగానే నేను చెప్పడం ఆపేసేదాన్ని. తప్పు లేదని తేలిపోయాక ఇంక చెప్పడానికి ఏముంటుంది? వీళ్లు ఆ మాట అనలేదు. రిపోర్టు అయిపోయింది, టీ ఇంకా మిగిలి ఉంది.

“బండిలో ఆ పిల్ల జుట్టు విడిపోయింది,” అన్నాను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. “ఆసుపత్రికి ఇలా వస్తే నవ్వుతారక్కా, జడ వెయ్యవా అంది. కుదుపులకు పాయలు చేతిలో నిలవడం లేదు. రెండుసార్లు ఊడింది. మూడోసారి గట్టిగా వేసి, నా కొంగు అంచు చింపి కట్టాను. చేత్తో తడుముకుని బాగుందంది.”

“ఔ,” అంది శకుంతలక్క. గాలి వదిలినట్టు, చాలా పొడుగ్గా.

“నాకు ఆ పిల్లంటే ఇష్టం ఎస్తేరూ. ఊరికే, ఉద్యోగం కోసం కాదు. సొంత చెల్లెల్లాగా ఇష్టం. దాని కోసం ఏడవడానికి నాకు ఎక్కడా చోటు లేదు. ఆఫీసులో లేదు, వాళ్లింట్లో లేదు.”

అప్పుడు ఏడ్చాను. కొంగు నోట్లో కుక్కుకోకుండా, ముక్కు చీదుతూ, తృప్తిగా ఏడ్చాను. ఎస్తేరు నా వీపు మీద చేయి వేసి ఉంచింది. నిమరలేదు, తట్టలేదు, ఉంచింది. పరదా అవతల సర్వరు దగ్గాడు. కాసేపాగి మళ్లీ దగ్గి, పరదా కింద నుంచి రెండు టీలు, ఒక ఖాళీ కప్పు ఉన్న ట్రే తోశాడు. మేం చెప్పలేదు. శకుంతలక్క మూడింటిలోకి సమంగా పోసింది.

ఆ టీ తాగుతూ, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నానని చెప్పాను. వద్దంటారేమోనని చూశాను. “ఔ,” అన్నారు ఇద్దరూ. మానెయ్యమనీ లేదు, మానొద్దనీ లేదు. నాకు భలే ఒళ్లు మండింది. అంత తేలికపడ్డ ఒంటితో మండటం కూడా హాయిగానే ఉంది. హాస్టలుకు వచ్చి రెండు రొట్టెలు పూర్తిగా తిన్నాను.

ఆదివారం నాంపల్లిలో రైలెక్కించడానికి ఎస్తేరు చర్చి నుంచి నేరుగా వచ్చింది. కిటికీలోంచి ఒక పొట్లం ఇచ్చింది. విప్పితే బన్నులు.

కాలవ అవతల

వచ్చిన మర్నాడే సుబ్బాయమ్మను వెంటబెట్టుకుని బయలుదేరాను. వంతెన దగ్గర మళ్లీ ఏదో ఫైలు గుర్తొచ్చింది. రానీ అనుకుని దాటేశాను.

ఆ పిల్ల తల్లి పాక ముందు కూర్చుని చింతకాయలు చితగ్గొడుతోంది. బిడ్డ ఆమె కాళ్ల దగ్గర దోగాడుతోంది. ఫ్రాకు తీసి ఇచ్చాను. నాకు వచ్చిన ఓదార్పు మాటలన్నీ నాలుక మీద వరస కట్టి నిలబడ్డాయి. బన్ను లేకపోయినా మింగేశాను.

“ఇన్నాళ్లకు వచ్చావా తల్లీ,” అంది. “నీ కోసమే చూస్తన్నాను. అందరూ మరిచిపో మరిచిపో అంటారు. నేనేమో ఊళ్లో లేకపోతిని, కూలికి పోయాను. నే వచ్చేతలికి అంతా అయిపోయె. దాన్ని ఇంటికి తెచ్చినప్పుడు జడేసుంది. అంత బిగువు జడ మా ఇంట్లో ఎవరూ వెయ్యరు. ఆ జడ ఎవరేశారమ్మా?”

“నేనే,” అన్నాను.

“మరి చెప్పు. ఎక్కడేశావు? అదేమంది?”

ఆ బండిలో సంగతి ఆమెకు చెప్పగలదాన్ని ఈ లోకంలో నేనొక్కదాన్నే. ఆ తల్లి దాని కోసం ఇన్నాళ్లూ వంతెన వైపు చూస్తూ కూర్చుంది. నేను మానేసి వెళ్లిపోతే అది కూడా నాతోనే పోయేది. కింద కూర్చున్నాను. వాన దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఆమె రాయి పక్కన పెట్టి, చెయ్యి చెంపకు ఆనించుకుని, “ఊఁ,” అంది. జడ ఊడిందన్నాను. “ఊఁ.” కొంగు చింపానన్నాను. “ఊఁ.” బాగుందందని చెప్పాను. బిడ్డను దగ్గరకు లాక్కుని తల నిమిరింది. తర్వాత, “ఊఁ. దానికి జడంటే ఇష్టం,” అంది.

మా వాళ్లకూ అలాంటి అక్షరం ఒకటి ఉంది. నేనే ఎన్నడూ వాడలేదు.

తిరిగి వస్తూ కాలవ గట్టు మీద పాక హోటలు దగ్గర ఆగాం. ఒక టీ, రెండు గ్లాసులు చెప్పాను. సుబ్బాయమ్మ తన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. ఇన్ని నెలలు నా బదులు ఆ గుమ్మం ఎక్కి దిగిన మనిషి. ఒక్కనాడూ ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

“అమ్మగారూ,” అంది మెల్లగా. “మీరు రాని రోజుల్లో… ఆ తల్లి నన్ను పట్టుకుని…”

నా నోటి చివరిదాకా ఏదో సలహా వచ్చింది. గబుక్కున సంచిలో చెయ్యి పెట్టి, గట్టిపడిపోయిన ఎస్తేరు బన్ను ఒకటి తీసి నోట్లో కుక్కుకున్నాను.

“ఔ,” అన్నాను.